ఎక్స్‌ప్రెస్ నడక

ధబ్!

గోడలోంచి ప్లాస్టిక్ డబ్బా ఊడి బుట్టలో పడింది. లెక్కలమ్మాయి తల కూడా తిప్పలేదు. నలభై రోజులుగా వింటున్న చప్పుడే. ఆసుపత్రి ఆ చివరనున్న వార్డులో సిస్టర్ రక్తం తీసి, ట్యూబుల్ని డబ్బాలో సర్ది, గాలిగొట్టంలో వదిలితే చాలు. నలభై సెకన్లలో ఈ చివరనున్న పరిశోధన ల్యాబులో ప్రత్యక్షం. అంతకుముందు అదే రక్తానికి పద్నాలుగు నిమిషాలు పట్టేది. ఎక్స్‌ప్రెస్ పట్టుకొచ్చేవాడు మరి! అంత నెమ్మదిగా నడిచే మనిషికి ఎక్స్‌ప్రెస్ అని పేరు పెట్టినవాడెవడోగానీ, వాడి నోట్లో పంచదార పొయ్య, ఆ పేరు ఆసుపత్రి మొత్తానికీ అతుక్కుపోయింది.

ఆమె చేతి తొడుగులు వేసుకుని డబ్బా తెరిచింది. నీలం మూతల ట్యూబులు మూడు. మూతల లోపలివైపు రక్తం మరకలున్నాయి. అలవాటుగా పుస్తకంలో రాసుకుంది. ఏ చిన్న సంగతైనా రాసుకోవడం ఆమెకు జబ్బు లాంటిది. లెక్కలమ్మాయి అన్న పేరు ఊరికే రాలేదు.

బరువు సమంగా పడేలా ట్యూబుల్ని సర్ది, సెంట్రిఫ్యూజ్ చక్రాన్ని గిర్రున తిప్పింది. ఎర్రకణాలు అడుక్కి దిగి, పైన ఎండుగడ్డి రంగు ప్లాస్మా తేలింది. దాన్ని పిపెట్‌తో మెల్లిగా లాగింది. ఎర్రపొర దాకా లాగెయ్యకూడదు, పైన వేలెడంత వదిలెయ్యాలి. కక్కుర్తి పడితే పని చెడుతుంది. తీసిన ప్లాస్మాని రెండోసారి తిప్పాలి. ఈసారి బ్రేకు వెయ్యకుండా, చక్రం దానంతటది ఆగేదాకా ఓపిక పట్టాలి. బస్సుకి బ్రేకు పడితే జనం తూలినట్టు, బ్రేకు వేస్తే అడుగున సర్దుకున్న ప్లేట్‌లెట్లు మళ్లీ లేస్తాయి.

ఆ తర్వాత కాలమ్. సన్నటి గుళికలు నింపి నిలబెట్టిన వేలి లావు గాజుబుడ్డి అది. పైనుంచి ప్లాస్మా పోస్తే కిందనుంచి చుక్కలు చుక్కలుగా దిగుతుంది. చిన్న ప్రోటీన్లు గుళికల కన్నాల్లో దూరి, ఊరంతా తిరిగి ఆలస్యంగా వస్తాయి. పెద్దవి ఎందులోనూ పట్టక ముందే దిగిపోతాయి. ఆ ముందు దిగినవే వీళ్లక్కావలసినవి. ఒంట్లో ప్రతి కణమూ తనలోది కాస్త మూటగట్టి బయటికి విసురుతూ ఉంటుందట. వెంట్రుక మందంలో వెయ్యోవంతుండే మూటలు. పుస్తకాల్లో వాటిని ఎక్స్‌ట్రాసెల్యులర్ వెసికిల్స్ అంటారు. అంత పేరు రోజుకి వందసార్లు ఎవరంటారు? ల్యాబులో అందరూ పొట్లాలంటారు.

ఆ చుక్కలు పట్టిన చిన్న బుడ్లలో ఏడోదాని నుంచి పదోదాని దాకా కలిపి, లెక్కపెట్టే యంత్రంలోకి ఎక్కించింది. నల్లటి తెర మీద లేజరు వెలుగులో తెల్లచుక్కలు గిలగిల్లాడుతూ లేచాయి. ఆరేళ్లుగా చూస్తున్నా ఈ క్షణం వచ్చేసరికి ఆమెకి ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఎంత ముద్దుగా కదులుతాయో! ఒక్కటీ ఒక్కచోట ఉండదు.

అంకె వచ్చింది. మిల్లీలీటరుకి పన్నెండువందల కోట్లు.

“పంతొమ్మిదో నంబరు పేషెంటు, పన్నెండువందల కోట్లు,” అని రాయబోయి ఆగింది. పంతొమ్మిదో నంబరాయన నిన్నే నవ్వుతూ సంచీ సర్దుకుంటున్నాడని సిస్టర్ ఫోన్లో చెప్పింది. తేరుకున్నాడు, ఇవాళ ఇంటికెళుతున్నాడు. ఆమె పుస్తకం వెనక్కి తిప్పింది. రెండు నెలల కిందట, మంచం దిగలేని రోజుల్లో, అదే మనిషికి నాలుగువందల కోట్లు.

జబ్బు తగ్గితే పొట్లాలు మూడింతలయ్యాయా? జబ్బుంటే పొట్లాలు మూడింతలవుతాయనే కదా ల్యాబు మొత్తం గంతులేస్తున్నది! దాని మీదే కదా మేడమ్ పేపరు రాస్తున్నది, అందులోనే కదా మొట్టమొదటిసారి తన పేరు అచ్చవబోతున్నది!

గబగబా పేజీలు తిప్పింది. పేషెంట్లందరి అంకెలూ ఒకే వారంలో ఎగిరాయి. ఆ వారం సోమవారం కొత్త కాలమ్ వచ్చింది, అందుకే పొట్లాలు బాగా దొరుకుతున్నాయని అందరూ అనుకున్నారు. కానీ జబ్బు లేనివాళ్ల రక్తం కూడా ఆ కాలమ్‌లోంచే పోతోందిగా? వాళ్లవి మాత్రం అప్పుడూ నాలుగువందలే, ఇప్పుడూ నాలుగువందలే. వాళ్లు ల్యాబు పక్క గదిలోనే కూర్చుని రక్తమిస్తారు. తనే నాలుగడుగులు వేసి తెచ్చుకుంటుంది.

అదే వారం మంగళవారం గాలిగొట్టం మొదలైంది.

“ఓరి దేవుడో!” అని పైకే అనేసింది లెక్కలమ్మాయి.

“ఏమైందమ్మాయ్?” అంటూ తలుపు దగ్గర ఎక్స్‌ప్రెస్ నిలబడి ఉన్నాడు. గొట్టంలో పట్టని పెద్ద సీసాల పెట్టె తెచ్చాడు. నలభై రోజులుగా ఆయనకి మిగిలిన పని అదే. పెట్టెని బల్ల మీద చప్పుడు కాకుండా దించి, జేబులోంచి మడత కాగితం తీసి ఇచ్చాడు. “ఇది కాస్త చదివి పెట్టు. చదివాననుకో, అయినా ఇంకోసారి వింటే అర్థం మారుతుందేమోనని.”

అర్థం మారలేదు. నమూనాలు మోసే పని గొట్టం చేస్తున్నందున శనివారం నుంచి ఆయన సేవలు అక్కర్లేదు. కింద సూపరింటెండెంట్ సంతకం. ఏదైనా చెప్పుకోవాలంటే శుక్రవారం సాయంత్రం ఐదులోపు.

“అన్యాయం బాబాయ్!”

“అన్యాయమేముంది తల్లీ. దానికి టీ అక్కర్లేదు, సెలవు అక్కర్లేదు, మోకాళ్లు లేవు,” అని నవ్వాడు. కాగితాన్ని పాత మడతల్లోనే మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. “సూపరింటెండెంటుగారు మంచాయనే. నన్ను చూసినప్పుడల్లా ‘ఏం ఎక్స్‌ప్రెస్, ఇంకా స్టేషన్ వదల్లేదా’ అంటారు. అంతే.”

ఆయన వెళ్లిపోయాక లెక్కలమ్మాయి పుస్తకం చంకన పెట్టుకుని పరుగున మేడమ్ గదికెళ్లింది.

మేడమ్ ఆ ల్యాబుకి పెద్ద. పెన్ను మూత కొరుకుతూ పేపరు దిద్దుకుంటోంది. రెండు పేజీల అంకెలు చూసేసరికి మూత కొరకడం ఆగింది.

“అంటే నా మూడింతలూ గాలికి కొట్టుకుపోయినట్టేనా?”

“గొట్టంలో ట్యూబులు గోడలకి కొట్టుకుంటూ వస్తున్నాయి మేడమ్. చివర్లో ఆ ధబ్ ఒకటి! అంత కుదుపుకి ప్లేట్‌లెట్లు బెదిరిపోయి పొట్లాలు విసురుతున్నాయేమో. మనం లెక్కపెడుతున్నది జబ్బుని కాదేమో, కుదుపునేమో!”

“ఏమో, ఏమో! ఒకే మాటలో మూడు ఏమోలు. శుక్రవారం సాయంత్రం నేను పేపరు పంపాలి. అందులో నీ పేరు కూడా ఉంది, గుర్తుందా?”

“ఉంది మేడమ్. ఎక్స్‌ప్రెస్ బాబాయ్ పని కూడా శుక్రవారంతోనే పోతుంది.”

మేడమ్ కుర్చీలోంచి లేచింది. కోపమనుకుంది లెక్కలమ్మాయి. కాదు, ఉత్సాహం. ఆ మనిషికి తన మాట తప్పని ఎవరైనా అంటే ముందు ముక్కు ఎర్రబడుతుంది, తర్వాత కళ్లు మెరుస్తాయి. బోర్డు దగ్గరికెళ్లి గీతలు గీసింది. రేపు ముగ్గురు పేషెంట్లు. ఒక్కొక్కరికి ఒకే చేతినుంచి రెండేసి ట్యూబులు. ఒకటి గొట్టంలో, ఒకటి ఎక్స్‌ప్రెస్ చేతిలో. తలుపు దగ్గర మేడమే అందుకుంటుంది. రెండూ వచ్చాక చీటీలు పీకేసి అక్షరాలు అంటించి లోపలికిస్తుంది.

“ఏది ఏ దారిన వచ్చిందో నీకు తెలియకూడదు. నువ్వు ఆయన పక్షం. ఆయనకి కూడా ఒక్క ముక్క చెప్పకు. చెప్పావో, నడక మారిపోతుంది.”

“నేనెందుకు చెప్తాను మేడమ్!”

ఆ సాయంత్రం ఇంట్లో అన్నం తింటూ అంతా చెప్పేసింది. మొగుడు ఎలక్ట్రీషియను. ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయాడు.

“ఆరేళ్లకి నీ పేరు అచ్చులో వస్తోందని నేను మా వాళ్లందరికీ చెప్పేశాను. కూర్చున్న కొమ్మ నువ్వే నరుక్కుంటావా?”

“నరకాలని లేదండీ. కానీ అంకె తప్పని తెలిసీ ఎలా ఊరుకోను?”

అత్తగారు కూర గిన్నె జరుపుతూ అంది. “ఊరుకోరా నువ్వు. పేరు ఇవాళ కాకపోతే రేపొస్తుంది. ఆ ముసలాయన పొట్ట మీద కొడితే రేపేం తింటాడు? అమ్మాయ్, నువ్వు పెరుగేసుకో.”

బుధవారం పదిన్నరకి తలుపు అవతల ధబ్‌మంది. లెక్కలమ్మాయి గుండె కూడా అలాగే అంది. లోపలి గదిలో తలుపు మూసుకుని కూర్చుంది. కాసేపటికి తలుపు సందులోంచి మేడమ్ చెయ్యి ఒక్కటే లోపలికొచ్చి ఆరు ట్యూబుల స్టాండు పెట్టి వెళ్లిపోయింది. మూతల మీద ఆరు అక్షరాలు.

ఆమె ఒక్కొక్కటే వెలుతురుకి ఎత్తి చూసింది, పుస్తకంలో రాసుకుంది. తిప్పింది, వేలెడంత వదిలి లాగింది, మళ్లీ తిప్పింది. చక్రం దానంతటది ఆగేదాకా బల్ల అంచు పట్టుకుని నిలబడింది. కాలమ్ దగ్గర చుక్కలు లెక్కపెట్టింది. అంకెలు రెండుగా ఎప్పుడు విడిపోతాయా అని లోపల ఒకటే ఆత్రం. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవనేలేదు.

మొదటి ట్యూబు, పదకొండువందల తొంభై కోట్లు. సరే, ఇది గొట్టంది. రెండోది పన్నెండువందల ముప్ఫై. ఇదీ గొట్టందే అయ్యుంటుంది. మూడోది పదకొండువందల యాభై. నాలుగోదీ అక్కడే. ఆరూ ఆరే! ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఆరు ట్యూబులూ ఒకే అంకె చుట్టూ తిరుగుతున్నాయి.

మేడమ్ తన చీటీల జాబితా తెచ్చి పక్కన పెట్టింది. ఒక్కో అంకె మీదా వేలు పెట్టుకుంటూ కిందిదాకా వచ్చింది. “నడిచొచ్చినవి కూడా అంతే ఉన్నాయి కదమ్మా,” అంది చివరికి. గొంతులో గెలిచిన ఆనందం లేదు, అదింకా బాధనిపించింది. “గొట్టం తప్పు లేదు. నీ అనుమానం మంచిదే. అడగడం తప్పు కాదు. పేపరు ఎల్లుండి వెళుతుంది.”

“మరి పంతొమ్మిదో నంబరాయన?”

“ఒక్క మనిషిని పట్టుకుని ప్రపంచాన్ని తల్లకిందులు చెయ్యలేం.”

లెక్కలమ్మాయి తలూపింది. పేరు అచ్చవుతుంది. మొగుడు చుట్టాల ముందు తలెత్తుకుంటాడు. ఇంత మంచి కబురుకి ఏడుపొస్తోందేమిటో ఆమెకే అర్థం కాలేదు.

గురువారం పొద్దున్న ల్యాబుకొస్తుంటే మెట్ల కింద బెంచీ మీద ఎక్స్‌ప్రెస్ కనిపించాడు. చెప్పు విప్పి చీలమండ నొక్కుకుంటున్నాడు. చీలమండ బన్నులా ఉబ్బింది.

“అయ్యో, ఏమైంది బాబాయ్?”

“ఏం లేదమ్మాయ్. ముసలాడికి దసరా వేషం,” అని చెప్పు లోపలికి కాలు దూర్చబోయి అబ్బా అన్నాడు. తర్వాత అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “నిన్న కాస్త పరిగెత్తాను.”

“పరిగెత్తారా? మీరా?”

“సిస్టర్ చెప్పిందిలే. ‘ఒకే మనిషి రక్తం గొట్టంలో ఒకటి, నీ చేతికొకటి ఇమ్మన్నారు, నీకూ ఆ గొట్టానికీ పందెం పెట్టినట్టున్నారు ఎక్స్‌ప్రెస్, ఇవాళన్నా పరువు నిలుపుకో’ అంది. సరే చూద్దామని వార్డు నుంచి ర్యాంపు దాకా ఒకటే పరుగు. మెట్లు రెండేసి ఎక్కాను. ఐదే ఐదు నిమిషాలమ్మా! మేడమ్‌గారు తలుపు తీసేసరికి నాకు ఊపిరాడలేదు. అయినా ఆ దిక్కుమాలిన గొట్టం నాకంటే ముందే వచ్చి కూర్చుంది.” ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి, నవ్వుతూనే ఉన్నాడు. “ఓడిపోయానులే. దానితో నేనెక్కడ సరితూగుతాను.”

లెక్కలమ్మాయి బెంచీ మీద దబ్బున కూలబడింది. మరుక్షణం లేచి నిలబడింది. ఆయన రెండు చేతులూ పట్టుకుంది.

“బాబాయ్! బాబాయ్! మీరు పరిగెత్తారా! ఎంత పని చేశారు బాబాయ్!”

“తిడుతున్నావా, మెచ్చుకుంటున్నావా?”

ఆమె అప్పటికే మెట్లెక్కుతోంది. పుస్తకం తెరిచింది. నిన్నటి పేజీలో తన చేత్తో తానే రాసుకుంది, ఆరు మూతల లోపలా రక్తం మరక. గొట్టం రాకముందు మూడు నెలల పేజీలు తిరగేసింది. ఎక్స్‌ప్రెస్ తెచ్చిన నూటపది ట్యూబులు. మరక అన్న మాట ఒక్కచోట కూడా లేదు. నూటపదికి ఒక్కటి కూడా లేదు! కుదిపితేనే మరక, నిన్న ఆయన పరుగు కూడా గొట్టంలాగే కుదిపేసింది. కళ్లెదుటే ఉన్నదాన్ని చూడలేదు, నా మొహం మండ!

మేడమ్ ఆ పేజీలు చూసి, ముక్కు ఎర్రబరుచుకుని, కళ్లు మెరిపించి, చివరికి నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

“తలుపు తీసేసరికి ఆయాసపడుతున్నాడు. వయసైపోయింది పాపం అనుకున్నాను. ఎంతసేపట్లో వచ్చాడో చూసుకోనేలేదు. ఎవరికీ చెప్పొద్దని నేనే అన్నాను. చెప్పకపోతే మనిషి తనకి తోచిందే అనుకుంటాడని తట్టలేదు.” కుర్చీలోంచి లేచింది. “రేపు పొద్దున్న మళ్లీ. అదే ముగ్గురు. ఈసారి ఆయనకి ఒక్క మాట చెప్పు, ఎప్పటిలాగే నడవమను.”

“నడవలేడు మేడమ్. కాలు వాచిపోయింది.”

గోడ గడియారం తన పని తాను చేసుకుపోతోంది.

“అయితే నువ్వే తీసుకురా,” అంది మేడమ్.

ఆ మధ్యాహ్నం ఖాళీ ట్యూబుల్లో ఎర్రరంగు నీళ్లు పోసి పాఠం మొదలైంది. ఎక్స్‌ప్రెస్ వసారాలో కుర్చీ వేసుకుని, కాలు ఇంకో కుర్చీ మీద పెట్టుకుని కూర్చున్నాడు. లెక్కలమ్మాయి పెట్టె పట్టుకుని ఆ కొస నుంచి ఈ కొసకి నడిచింది.

“చెయ్యి ఊగుతోంది. పెట్టెని వేలాడదియ్యకూడదమ్మా, పొట్టకి ఆనించుకోవాలి. మోచేతులు ఒంటికి అంటుకుపోవాలి.”

మళ్లీ నడిచింది.

“మడమలు నేలని కొడుతున్నాయి. ఎవరి మీద కోపం నీకు? ముందు మడమ ఆనించి, తర్వాత మెల్లిగా వేళ్లు దించు. ర్యాంపు దిగేటప్పుడు అడుగు సగం చెయ్యి. మలుపులో పెట్టె తిరక్కూడదు, నువ్వు తిరగాలి.”

“ఇవన్నీ మీకెవరు చెప్పారు బాబాయ్?”

“చేరిన రోజు ఒక డాక్టరమ్మ చెప్పింది. ‘లోపల రక్తం నిద్రపోతుంటుంది, లేపకుండా తీసుకురావయ్యా’ అంది. నిజంగా నిద్రపోతుందో లేదో నాకేం తెలుసు! కాళ్లకి అలవాటైపోయింది. అందరూ నవ్వుతుంటే, నెమ్మదిగా నడవడం కూడా ఒక పనేనా అని నాకే అనిపించేది.”

మేడమ్ మూత విప్పి చూసింది. మరక. మళ్లీ నడిచింది. మళ్లీ మరక. సాయంత్రానికి లెక్కలమ్మాయి నడుం విరిగిపోతోంది. పదకొండోసారి మూత కొంచెం తక్కువ తడిగా ఉంది, అంతే.

“చిన్నప్పటినుంచీ గాలిలా తిరిగినదాన్ని,” అంది, దాదాపు ఏడుస్తూ. “నా వల్ల కాదు బాబాయ్. రేపు నేను తెస్తే అవీ పన్నెండువందలే వస్తాయి.”

ఎక్స్‌ప్రెస్ వాచిన కాలు నేల మీద పెట్టి, గోడ పట్టుకుని లేచాడు. “రేపు నేనే వస్తాలే. నువ్వు నన్ను పట్టుకో చాలు.”

శుక్రవారం పదింటికి వార్డులో సిస్టర్ ఆరు ట్యూబులు నింపింది. మూడు డబ్బాలో వేసి గొట్టంలో వదిలింది. మూడు ఎక్స్‌ప్రెస్ పెట్టెలో నిలబెట్టింది. మొన్న పందెమని చెప్పినందుకు ఆవిడ మొహం ఇంకా చిన్నబోయే ఉంది.

ఆయన పెట్టెని పొట్టకి ఆనించుకున్నాడు. లెక్కలమ్మాయి ఆయన నడుం చుట్టూ చెయ్యి వేసి వాచిన కాలి వైపు భుజం ఆనించింది. పెట్టె బరువు ఆయన మీద, ఆయన బరువు ఆమె మీద. అలా బయల్దేరారు.

వార్డు తలుపు దాటారు. స్ట్రెచర్లు పక్కనుంచి దూసుకుపోతున్నాయి. ఎవరో “ఎక్స్‌ప్రెస్‌కి ఇంజను తగిలించారోయ్!” అన్నారు. ఎప్పుడూ పోట్లాడే లెక్కలమ్మాయి నోరు కూడా మెదపలేదు. ర్యాంపు దగ్గర అడుగు సగమైంది. ఆయన నుదుట చెమట పట్టింది, ప్రతి అడుగుకీ పళ్లు బిగుస్తున్నాయి, కానీ భుజాలు మాత్రం కదలడం లేదు. ఆ భుజం ఎలా నిలబడుతోందో ఈసారి ఆమెకి తన ఒంటితో తెలుస్తోంది. కాలు కుంటుతుంటే ఆ కుంటు నడుం దగ్గరే ఆగిపోతోంది, పైకి రావడం లేదు. అబ్బ, ఏం మనిషి!

“నొప్పిగా ఉందా బాబాయ్?”

“మాట్లాడకు. నవ్వొస్తే పెట్టె కదులుతుంది.”

పంతొమ్మిది నిమిషాలు పట్టింది. మేడమ్ ఈసారి చేతిలో గడియారం పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది. ట్యూబులు అందుకుని, లెక్కలమ్మాయిని లోపలికి పొమ్మని, అక్షరాలు అంటించి సందులోంచి స్టాండు పెట్టింది.

ఆరు మూతలు. లెక్కలమ్మాయి ఒక్కొక్కటే ఎత్తి చూసింది. మరక, శుభ్రం, శుభ్రం, మరక, మరక, శుభ్రం. అక్షరాలేం చెప్పినా మూతలు చెప్పేశాయి. ఇంక పక్షపాతం అనిపించుకోకూడదని, పుస్తకం కూడా తెరవకుండా మేడమ్‌ని పిలిచింది. “అంకెలు మీరే చూడండి మేడమ్. నేను తిప్పి ఇస్తాను, యంత్రం దగ్గర మీరు కూర్చోండి.”

చక్రం తిరిగింది. దానంతటది ఆగింది. చుక్కలు దిగాయి. నల్లటి తెర మీద తెల్లచుక్కలు లేచాయి. మొదటిది కిక్కిరిసి ఉంది, సంతలా. పన్నెండువందల పది. రెండోది ఎక్కించగానే మేడమ్ ముందుకి వంగింది. చుక్కలు పలచగా, ఒక్కొక్కటీ విడివిడిగా కదులుతున్నాయి.

“మూడువందల తొంభై,” అంది మేడమ్.

లెక్కలమ్మాయి మూడోది అందించింది.

“నాలుగువందల ఇరవై... పన్నెండువందల అరవై... పదకొండువందల ఎనభై...” ఆఖరిదానికి మేడమ్ అంకె చదవలేదు, తెర వైపు చెయ్యి చూపించింది. నాలుగువందల ఐదు. సరిగ్గా పక్క గదిలో రక్తమిచ్చి వెళ్లే జబ్బులేనివాళ్లకి ఎంతో, అంత.

“ఏ తేడా లేదు,” అంది మేడమ్ నెమ్మదిగా. “జబ్బున్నవాళ్లకీ లేనివాళ్లకీ ఏ తేడా లేదు. నలభై రోజులు మనం గొట్టం కుదుపు లెక్కపెట్టాం. బూడిదలో పోసిన పన్నీరు.”

ఆ మాట వినగానే లెక్కలమ్మాయికి సంతోషం కొంచెం చప్పబడింది. అచ్చు కావలసిన తన పేరు గుర్తొచ్చింది. మొగుడి చుట్టాలు గుర్తొచ్చారు. అంతలో మేడమ్ వైపు చూస్తే ఆవిడ నవ్వుతోంది. ముక్కు ఎర్రగా, కళ్లు తడిగా, పెన్ను మూత పూర్తిగా చితికిపోయేలా కొరుకుతూ నవ్వుతోంది.

“పంపేసి ఉంటే? రేపు ఇంకో ల్యాబువాడు నడిపించి తెచ్చి చూసి ఉంటే నా మొహం ఎక్కడ పెట్టుకునేదాన్ని? బతికించావు పిల్లా!”

గడియారం నాలుగున్నర చూపిస్తోంది. మేడమ్ ఫోను తీసి సూపరింటెండెంటుకి చేసింది. వసారాలో కాలు చాపుకుని కూర్చున్న ఎక్స్‌ప్రెస్‌కి కూడా వినపడాలని తలుపు బార్లా తెరిచింది.

“మిగతా రక్తపరీక్షలకి మీ గొట్టం భేషుగ్గా ఉంది, దాన్ని నేనేమీ అనడం లేదు. మా పొట్లాల రక్తం మాత్రం నడిచే రావాలి... ఆఁ, నడిచే. ఎక్స్‌ప్రెస్సే కావాలి... ఎవరైనా నడవచ్చుగా అంటారా? నా దగ్గర చాలా చురుకైన అమ్మాయి ఉందండీ, పదకొండుసార్లు నడిచి పదకొండుసార్లూ తప్పింది... అంకెలు పంపిస్తున్నాను, చూసి సంతకం పెట్టండి.”

అవతల ఏమన్నారో వినిపించలేదు. మేడమ్ ఫోను పెట్టేసి, కొత్త కాగితం తీసుకుని, లెక్కలమ్మాయిని రాసుకోమంది. పొట్లాలు వేరుచేసే పద్ధతిలో ఇప్పటిదాకా మొదటి మెట్టు సెంట్రిఫ్యూజు. ఇప్పుడు దాని పైన ఇంకో మెట్టు చేరింది. పెట్టె పొట్టకి ఆనించాలి. మోచేతులు కదలకూడదు. ర్యాంపు మీద అడుగు సగం. వార్డు నుంచి ల్యాబుకి పద్నాలుగు నిమిషాలు, తగ్గకూడదు. రాస్తుంటే ఎక్స్‌ప్రెస్ గుమ్మం పట్టుకుని నిలబడి, తన కాళ్ల సంగతి కాగితం మీదికి ఎక్కడం నోరు తెరుచుకుని చూశాడు.

“పరిగెత్తకూడదని కూడా రాయమ్మా,” అన్నాడు.

ఐదుకి ఐదు నిమిషాలుండగా ఆర్డరు రద్దయిందని కబురొచ్చింది.

సోమవారానికి వాపు తగ్గింది. ఎక్స్‌ప్రెస్ ముందు నడుస్తున్నాడు, పెట్టె పొట్టకి ఆనించుకుని. రెండడుగుల వెనక లెక్కలమ్మాయి ఎర్రనీళ్ల ట్యూబుల పెట్టెతో నడుస్తోంది. ఆయన సెలవు పెడితే ఎవరో ఒకరుండాలి కదా అని మేడమ్ పట్టుబట్టింది. ఆమె మూతలు ఇంకా తడుస్తూనే ఉన్నాయి.

ర్యాంపు ఒక పక్కంతా రంగులేసేవాళ్ల నిచ్చెనలు. మిగిలింది ఒక్క మనిషి పట్టే దారి. వెనక టకటకమని బూట్ల చప్పుడు దగ్గరికొచ్చింది. సూపరింటెండెంట్. చంకలో ఫైళ్లు, చెవి దగ్గర ఫోను. అవతలివాళ్లకి రెండు నిమిషాల్లో మీటింగులో ఉంటానని చెబుతున్నాడు.

“ఏం ఎక్స్‌ప్రెస్, ఇంకా స్టేషన్ వదల్లేదా? కాస్త కాలు జాడించవయ్యా, అవతల జనం కూర్చున్నారు!”

ఇన్నేళ్లూ ఈ మాటకి ఆయన నవ్వి పక్కకి తప్పుకునేవాడు.

ఎక్స్‌ప్రెస్ తల తిప్పలేదు, అడుగు కూడా మార్చలేదు. “కుదరదండీ,” అన్నాడు మెల్లిగా. “పద్నాలుగు నిమిషాలు. కిందటి శుక్రవారం మీరే సంతకం పెట్టారు.”

వెనక బూట్ల చప్పుడు ఒక్క క్షణం ఆగింది. తర్వాత మళ్లీ మొదలైంది, ఈసారి సగం సగం అడుగులుగా. ర్యాంపు దిగేదాకా ఎక్స్‌ప్రెస్ వెనక లెక్కలమ్మాయి, ఆమె వెనక సూపరింటెండెంటు, ముగ్గురూ అదే నడక నడిచారు.